వడదెబ్బకు మందు ఇంటి కప్పు మీద కూడా ఉంది



వేసవిలో వడదెబ్బతో మా వార్డుకు వచ్చే పెద్దవారిలో కొందరు అసలు ఎండలోకే వెళ్ళి ఉండరు. అలియాబాద్, శామీర్‌పేట చుట్టుపక్కల రేకుల ఇళ్ళలో, స్లాబు గదుల్లో మంచం మీద ఉన్నవారే. పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని లోపలికి వదులుతుంది. సెలైన్ పెట్టి పంపిస్తాం. వారు మళ్ళీ ఆ గదికే వెళ్తారు.

2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ కప్పులపై ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరిచి చూశారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. మంచం పట్టిన వృద్ధులకు ఆ మాత్రమే ఎంతో మేలు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చి, 600 గజాలు, ఆ పైబడిన స్థలంలో కట్టే ఇళ్ళకు దీనిని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్ళకు నిర్బంధం లేదు. కాని అవసరం మనకే ఎక్కువ.

మార్చిలోనే కప్పు కడిగి, రెండు పూతలు సున్నం వేయించండి. వానకు పోతుంది కనుక ఏటా వేయాలి. రేకులు పగిలే ప్రమాదం ఉంది, పనివారితోనే వేయించండి. మధ్యాహ్నం కిటికీలు మూసి, రాత్రి ఎదురెదురు కిటికీలు తెరవండి.

ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే ఆలస్యం చేయక, తడిగుడ్డతో తుడుస్తూ ఆసుపత్రికి తీసుకురండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్