నగర అగ్నిమాపక దళము - గ్రామమునకు దాని పాఠములు

గ్రామమున ఒక గుడిసెకో, గడ్డివామికో నిప్పంటుకొన్నంతనే అందరి నోట వెలువడు మొదటి ప్రశ్న "ఫైరింజను వచ్చినదా?" అనునది. అది వచ్చిన పిదప మన గ్రామము దానికి ఏమి చూపగలదు అను ప్రశ్న మాత్రము సామాన్యముగా ఎవరికిని తోచదు. నిప్పు ఆరుట, ఆరకపోవుట తరచుగా ఈ రెండవ ప్రశ్నపైననే ఆధారపడి యుండును. ఈ విషయమును పంచాయతీ సభ్యులకు విశదపరచుటకై దేశములోని పెద్ద అగ్నిమాపక దళములలో ఒకటైన బొంబాయి నగర దళముయొక్క చరిత్రను, సాధనములను ఇచ్చట వివరించుచున్నాము.

నేడు ముంబయి అని పిలువబడుచున్న ఈ నగరమున 1803లో కోట ప్రాంతమందు గొప్ప అగ్నిప్రమాదము సంభవించి, ఇరుకు వీధులలోని ఇండ్లు వందలకొలది దగ్ధమయ్యెను. అటుపిమ్మట కోట వెలుపల కొత్త పేటలు విస్తరించినవి. 1855 ప్రాంతమున గుఱ్ఱములు లాగు పంపులతో పోలీసుల అజమాయిషీ క్రింద అగ్నిమాపకపు పని ఆరంభమయ్యెను. పోలీసులకది అదనపు పని మాత్రమే. 1887లో ప్రత్యేక దళము ఏర్పడెను. 1888 నాటి మునిసిపల్ చట్టము ప్రజలను అగ్ని నుండి కాపాడుటను కార్పొరేషను విధులలో చేర్చినది. 1907లో గుఱ్ఱముల స్థానమున మోటారు శకటము ప్రవేశించెను.

దళముయొక్క ప్రధాన కేంద్రము బైకల్లా పేటలో కలదు. దానికి చేరువనే కామాఠిపుర యున్నది. నగరమున కట్టడపు పనులకై పూర్వపు నైజాము రాజ్యములోని తెలుగు ప్రాంతములనుండి వెళ్లిన కామాఠీలు అచ్చట స్థిరపడుటచే ఆ పేటకు ఆ పేరు వచ్చినది.

ఈ దళము చరిత్రలో మరువరాని దినము 1944 ఏప్రిల్ 14. ఆనాడు విక్టోరియా డాకులో 'ఫోర్ట్ స్టికిన్' అను ఓడ లంగరు వేసి యుండెను. దానిలో సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రియు, కరాచీలో ఎక్కించిన 8,000లకు పైగా పత్తి బేళ్లును ఉండెను. మధ్యాహ్నము రమారమి రెండుగంటల వేళ పత్తి ఉన్న అరనుండి పొగ వచ్చుట కనబడెను. దళము వారు వచ్చి వందల టన్నుల నీరు కుమ్మరించిరి. కాని పత్తి బేలు పైకి ఆరినట్లు కనబడినను, లోపల చిక్కుకొన్న గాలితో నిప్పు రగులుచునే యుండును. ఓడను సముద్రములోనికి లాగుకొనిపోవలెనా, ఉన్నచోటనే ముంచవలెనా అని అధికారులు తర్జనభర్జనలు చేయుచుండగనే రెండు గంటల కాలము గడచిపోయెను. ప్రేలుడు సామగ్రికి నిప్పు సోకు ప్రమాదమున్నదని తెలుపు ఎఱ్ఱజెండా సైతము ఎగురవేయబడలేదు. సాయంకాలము 4 గంటలు దాటిన కొద్ది నిమిషములకు ఓడ ప్రేలిపోయెను. సుమారు అరగంటకు మరల రెండవ ప్రేలుడు సంభవించెను. వందలాది ప్రజలు మృతినొందిరి. నిప్పునార్పుచు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణములర్పించిరి. వారి స్మృత్యర్థమే ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన అగ్నిమాపక దినమును, 20వ తేదీ వరకు వారోత్సవములను దేశమంతట జరుపుచున్నారు.

ఆ దినమున మనుష్యులకు ధైర్యము కొరవడలేదు. నీరును కొరవడలేదు. ఎవరు నిర్ణయించవలెను అన్న విషయము మాత్రము ముందుగా నిర్ణయమై యుండలేదు. ఇది ఓడరేవునకెంత వర్తించునో, నూరు గడపల పల్లెకును అంతే వర్తించును.

ఇక శకటముల సంగతి. నిప్పు నిలుచుటకు మండు వస్తువు, గాలి, వేడిమి అను మూడును కావలెను. వీనిలో ఒకదానిని తొలగించినచో నిప్పు ఆరును. ఒక్కొక్క శకటము ఇందులో ఒక్కొక్క పనికై నిర్మింపబడినది. నీటి శకటము వేడిమిని హరించును. నురుగు శకటము పెట్రోలు, కిరోసిను వంటి నూనెలపై తెరవలె పరచుకొని గాలిని అడ్డును. మండుచున్న నూనెపై నీరు పోసినచో నూనె నీటిపై తేలి నిప్పు మరింత వ్యాపించును. ఎత్తైన మేడలకొరకు నిచ్చెన శకటములున్నవి. ముంబయి దళము వద్ద 70 మీటర్లకు మించిన ఎత్తును అందుకొనునవియు కలవు. కూలిన ఇండ్లనుండి మనుష్యులను వెలికితీయుటకు కోత యంత్రములు, జాకీలు గల రక్షణ శకటములున్నవి. ఏటేట వానకాలమున పాత కట్టడములు కూలునట్టి ఆ నగరములో నిప్పునార్పుటతో పాటు ఈ రక్షణకార్యమును దళమునకు పెద్ద పని.

మన గ్రామములకు వచ్చునది సామాన్యముగా నీటి శకటమే. అందు రమారమి 4,500 లీటర్ల నీరు పట్టును. ఒక్క గొట్టము నిమిషమునకు 450 లీటర్లు చిమ్మినచో ఆ నీరు పది నిమిషములు వచ్చును. రెండు గొట్టములు విప్పినచో ఐదు నిమిషములే. గడ్డివామి ఒక్కటి ఆరుటకైనను ఇది చాలదు. కనుక శకటము తెచ్చు నీరు ఆరంభమునకు మాత్రమే సరిపోవుననియు, మిగిలిన నీటిని గ్రామమే చూపవలెననియు గ్రహింపవలెను.

"మా ఊరిలో బావి ఉన్నది" అనుట చాలదు. పంపు నీటిని పీల్చుట బయటి గాలి ఒత్తిడి వలననే జరుగును. అందుచే నీటిమట్టము పంపునకు సుమారు 7 మీటర్లకంటె లోతుగనున్నచో ఎంత బలమైన పంపైనను పైనుండి పీల్చజాలదు. బోరుబావి యున్నను, నిప్పంటుకొన్నపుడు విద్యుత్తును నిలిపివేయవలసి యుండును గనుక మోటారు ఆగిపోవచ్చును. కావున చెరువుగట్టు వరకు శకటము పోగల బాట, లేదా ఎత్తైన మంచినీటి ట్యాంకు అడుగున అగ్నిమాపక గొట్టము తగులుకొను కుళాయి నమ్మదగిన ఆధారములు. ఏ కొలత కుళాయి కావలెనో సమీప అగ్నిమాపక కేంద్రమువారిని అడిగి అమర్చుకొనవలెను.

పంచాయతీ ఒక తీర్మానముద్వారా చేయదగిన పనులు మరికొన్ని కలవు. గడ్డివాములను, పత్తి నిలువలను ఇండ్లకు దూరముగా, విద్యుత్తు తీగలకు ఎడముగా నుంచవలెను. పత్తి కుప్ప ఆరినట్లున్నను విప్పి, లోపలివరకు తడిపి, మరునాటి వరకు కాపలా పెట్టవలెను. వీధులలో అడ్డుగా వేసిన అరుగులను, పందిళ్లను తొలగించవలెను. అన్నింటికంటె ముందు, 101కి గాని 112కి గాని ఎవరు ఫోను చేయవలెను, విద్యుత్తు సిబ్బందికి ఎవరు తెలుపవలెను, ఊరి మొదట నిలిచి శకటమునకు ఎవరు దారి చూపవలెను, వృద్ధులను పిల్లలను ఎవరు దూరమునకు తీసికొనిపోవలెను అను నాలుగు బాధ్యతలకు నలుగురి పేర్లు వ్రాసి పంచాయతీ గోడపై నుంచవలెను. ఫోను చేయువారు గ్రామము పేరు, మండలము, మండుచున్న వస్తువు, నీరున్న చోటు చెప్పవలెను. మండునది నూనెయో, గడ్డియో తెలిసినచో తగిన శకటమే బయలుదేరును.

వచ్చు ఏప్రిల్ వారోత్సవములలో సమీప కేంద్రపు అధికారిని గ్రామమునకు ఆహ్వానించి, శకటమును ఒక్కసారి మీ వీధులలో నడిపించి చూడవలసినదిగా కోరుచున్నాము. అది ఏ మలుపువద్ద ఆగిపోవునో ఆ దినమే తెలిసికొనుట మేలు. నిప్పంటుకొన్న రాత్రి తెలిసికొన్నచో దాని మూల్యమును చెల్లించవలసినవారు ఆ మలుపునకు ఆవల నివసించువారే.