నర్సింగ్ విద్యార్థుల మాదకద్రవ్య పరీక్ష (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నర్సింగ్ విద్యార్థులు ఆసుపత్రిలో క్లినికల్ శిక్షణకు చేరేముందు, మాదకద్రవ్యాలు వాడటం లేదని నిర్ధారించేందుకు జరిపే పరీక్షను నర్సింగ్ విద్యార్థుల మాదకద్రవ్య పరీక్ష అంటారు. సాధారణంగా ఇది మూత్ర పరీక్ష. నర్సింగ్ విద్యార్థులందరికీ దీనిని తప్పనిసరి చేసే ఫెడరల్ చట్టం లేదు. కళాశాలకు, ఆసుపత్రికి మధ్య జరిగే ఒప్పందాలలో ఈ నిబంధన తరచుగా ఉంటుంది.

నేపథ్యం

1986 సెప్టెంబరు 15న అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ఫెడరల్ కార్యాలయాలను మాదకద్రవ్య రహితం చేయాలని ఉత్తర్వు జారీ చేశాడు. ఫెడరల్ ఆరోగ్య శాఖ 1988లో పరీక్షా మార్గదర్శకాలను ప్రకటించింది. క్రమంగా ప్రైవేటు సంస్థలు, ఆసుపత్రులు కూడా ఇటువంటి పరీక్షలు చేపట్టాయి. నర్సులకు మార్ఫిన్, ఫెంటానిల్ వంటి మందులు అందుబాటులో ఉంటాయి. అందువలన అనేక ఆసుపత్రులు సిబ్బందికి ఉన్న నిబంధననే విద్యార్థులకూ వర్తింపజేస్తాయి.

పరీక్ష విధానం

1988 మార్గదర్శకాలలో గంజాయి, కొకైన్, ఓపియేట్లు, ఆంఫెటమిన్లు, ఫెన్‌సైక్లిడిన్ అనే ఐదు వర్గాలు ఉన్నాయి. ఆసుపత్రులు నిద్రమాత్రలు, మెథడోన్ వంటి వాటిని కూడా చేర్చి పది వర్గాలకు పరీక్ష కోరడం కద్దు. మూత్రం ఇచ్చిన 4 నిమిషాలలోపు దాని ఉష్ణోగ్రత చూస్తారు. అది 32 నుండి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. తొలి పరీక్షలో మాదకద్రవ్యం కనిపిస్తే, మాస్ స్పెక్ట్రోమెట్రీ ద్వారా మరలా నిర్ధారిస్తారు. ఆపై మెడికల్ రివ్యూ ఆఫీసర్ అనే వైద్యుడు, ఆ ఫలితానికి వైద్యుడు రాసిచ్చిన మందు కారణమా అని విచారిస్తాడు. కనుక మందుచీటీలను భద్రపరచుకోవడం అవసరం.

గసగసాలు

తెలుగువారి మసాలా కూరలలో వాడే గసగసాలలో స్వల్పంగా మార్ఫిన్ ఉండవచ్చు. వీటిని తిన్నవారికి కూడా ఓపియేట్ ఫలితం రావచ్చు. ఈ కారణంగా 1998లో ఫెడరల్ మార్గదర్శకాలలో ఓపియేట్ల తొలి పరీక్ష పరిమితిని మిల్లీలీటరుకు 300 నుండి 2000 నానోగ్రాములకు పెంచారు. అయితే ఫెడరల్ మార్గదర్శకాలకు లోబడని పరీక్షలలో తక్కువ పరిమితి ఉండవచ్చు. కాబట్టి పరీక్షకు ముందు కొన్ని రోజులు గసగసాలు మానడం మేలు.

చట్టపరమైన అంశాలు

కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు 2012లో వయోజనులు గంజాయి వాడటాన్ని చట్టబద్ధం చేశారు. అయినప్పటికీ రాష్ట్రం అనుమతించిందన్న కారణంతో ఆసుపత్రి నిబంధన నుండి విద్యార్థికి మినహాయింపు లభిస్తుందని చెప్పలేము. గంజాయిని తరచుగా వాడేవారి మూత్రంలో దాని జాడ కొన్ని వారాల వరకు కనిపించవచ్చు. పరీక్షలో తేలేది పూర్వపు వాడకమే గాని, శిక్షణ సమయంలో మత్తులో ఉన్నారని కాదు.

ప్రభుత్వ కళాశాలలు జరిపే పరీక్షలు రాజ్యాంగపు నాలుగవ సవరణ పరిధిలోకి వస్తాయి. మిస్సోరీలోని ఒక ప్రభుత్వ సాంకేతిక కళాశాల 2011లో కొత్త విద్యార్థులందరికీ పరీక్ష తప్పనిసరి చేయగా, 2016లో ఎనిమిదవ సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానం దానిని అంగీకరించలేదు. ఇతరుల భద్రతకు ముప్పు కలిగించగల కోర్సుల విద్యార్థులకు మాత్రమే పరీక్షను అనుమతించింది.

పర్యవసానం

పరీక్షలో విఫలమైన విద్యార్థిని ఆసుపత్రి శిక్షణకు అనుమతించకపోవచ్చు. క్లినికల్ శిక్షణ లేనిదే నర్సింగ్ కోర్సు పూర్తి కాదు. అందువలన తరగతులలో మంచి మార్కులు వచ్చినా చదువు మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. తిరిగి అవకాశం ఇచ్చే విధానం కళాశాలను బట్టి మారుతుంది.