షామీర్‌పేటలో ఒక ప్రపంచ విద్య

పిల్లల డిగ్రీ పూర్తికాగానే మనకు గల్ఫ్ వీసాయే గుర్తుకు వస్తుంది. 1998లో స్థాపితమై, మేడ్చల్ జిల్లా షామీర్‌పేటలో నెలకొన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం మరొక దారి కూడా చూపింది. అది అంతర్జాతీయ మానవతా చట్టంపై ఏడాది దూరవిద్యా పీజీ డిప్లొమా. యుద్ధంలో క్షతగాత్రులకు, ఖైదీలకు, పౌరులకు రక్షణనిచ్చే 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలు ఈ చట్టానికి మూలస్తంభాలు. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదనీ, ఫలవృక్షాలను నరకరాదనీ హజ్రత్ అబూబక్ర్ (రజి) సేనలకు చేసిన ఉపదేశం ఎరిగిన మనకు ఈ విద్య పరాయిది కాదు.

ఒక్క డిప్లొమాతోనే అంతర్జాతీయ ఉద్యోగం వస్తుందని మేము చెప్పము; భాషా ప్రావీణ్యం, క్షేత్రానుభవం కూడా కావాలి. ఈ ఏటి ప్రవేశాల సంగతి విశ్వవిద్యాలయంలోనే విచారించాలి. అయితే, డిగ్రీతోనే ఆడపిల్ల చదువు చాలించే ముందు తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించాలని మా మనవి.