ఆరో శ్రుతిలో జర్మన్ తత్వం

తత్వం పాడేవాళ్లకు తంబూర మీద రెండు స్వరాలుంటే చాలు: షడ్జం, పంచమం. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల పల్లెల్లో భజన మొదలయ్యేది వాటితోనే. గొంతుకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ శ్రుతి పెట్టుకుని, ఆ తర్వాతే పల్లవి ఎత్తుకుంటారు. 1827లో వియన్నాలో ఫ్రాంజ్ షూబర్ట్ కట్టిన ఒక పాటకూ పునాది ఈ రెండు స్వరాలే. దాని పేరు ‘డెర్ లైయర్‌మాన్’. వీధిలో చక్రవాద్యం తిప్పుతూ బిచ్చమెత్తే ముసలివాడి పాట అది.

జర్మన్లు ‘లీడ్’ అని పిలిచే కళాగీతానికి కావలసినవి ఓ కవిత, ఓ గొంతు, ఓ పియానో. విల్‌హెల్మ్ ముల్లర్ రాసిన 24 కవితలకు షూబర్ట్ వరసలు కట్టి ‘వింటర్‌రైజె’ అనే మాల కూర్చాడు. ప్రేమ విఫలమైన ఒకడు చలికాలంలో ఊరు విడిచి నడుచుకుంటూ పోతాడు. చివరి పాటలో అతనికి ఊరి బయట ఈ ముసలివాడు కనిపిస్తాడు. మంచు మీద చెప్పుల్లేని కాళ్లు, ఖాళీ పళ్లెం, చుట్టూ గుర్రుమనే కుక్కలు. వినేవాడు లేకపోయినా చేయి మాత్రం వాద్యాన్ని తిప్పుతూనే ఉంటుంది.

ఆ వాద్యంలో చక్రం తీగెలను రాసుకుంటూ తిరుగుతుంటే ఆధార శ్రుతి ఎడతెగకుండా మోగుతుంది. షూబర్ట్ ఆ మోతను పియానో ఎడమచేతికి అప్పగించాడు. పాట పొడుగునా అక్కడ వినిపించేది స, ప జంట ఒక్కటే. మొదటి రెండు ఆవర్తాల్లో మాత్రం పంచమానికి ముందు ఒక చిన్న పొరుగుస్వరం తగిలి జారుతుంది, పాతబడిన వాద్యం మొరాయించినట్టు. కుడిచేయి చిన్న పలుకొకటి వాయించి ఆగితే గాయకుడు ఒక మాట పాడతాడు. అతను ఆగితే మళ్లీ ఆ పలుకు. స్వరాల పోకడ మన కీరవాణికి దగ్గరగా ఉంటుంది.

ఇక శ్రుతి సంగతి. షూబర్ట్ చేతిరాతలో ఈ పాట బి మైనర్‌లో ఉంది. అచ్చులో అది ఏ మైనర్‌కు దిగింది. హార్మోనియం భాషలో చెబితే ఏడో శ్రుతి నుంచి ఆరో శ్రుతికి. గాయకుల కోసం హెచ్చు, మధ్యమ, తగ్గు స్థాయిల్లో వేర్వేరు ప్రతులు కూడా దొరుకుతాయి. క్రిస్టియన్ షూబార్ట్ అనే కవి అప్పటికే ఒక్కో శ్రుతికి ఒక్కో స్వభావం ఉందని పట్టిక రాసిపెట్టాడు. అతని పుస్తకం 1806లో వెలువడింది. ఆ పట్టికే నిజమైతే శ్రుతి మారిన ప్రతిసారీ ముసలివాడి గతి మారాలి. మారలేదు. మగ గొంతు ఒకటిన్నర శ్రుతిలో పాడినా, ఆడ గొంతు అయిదున్నరలో పాడినా కీర్తన భావం చెదరదని మన సంగీతం విన్నవారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

కైవారం తాతయ్య పాటలే చూడవచ్చు. కైవారం 2007 దాకా కోలారు జిల్లాలోదే. ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లాలో చింతామణి తాలూకా. తాతయ్యగా పేరుపడ్డ నారాయణ యతీంద్రులు గాజులు అమ్ముకుని బతికి, ఆపై యోగిగా మారినవారని సంప్రదాయం చెబుతుంది. ఊరి దేవుడు అమరనారాయణుడి పేరునే ముద్రగా పెట్టి తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, తత్వాలు చెప్పారు. వాటికి శ్రుతి ఫలానా అని ఎవరూ నిర్ణయించలేదు. ఎంత నెమ్మదిగా పాడాలో కూడా గురువు నోట విని పట్టుకోవలసిందే. మన కీర్తనల పుస్తకాల్లో సాధారణంగా రాగం పేరు, తాళం పేరు ఉంటాయి; చౌకమో మధ్యమకాలమో పాడేవాళ్లకు వదిలేస్తారు.

కోలారు జిల్లాలో ములబాగిలు ఉంది. పదిహేనో శతాబ్దపు మాధ్వ యతి శ్రీపాదరాజుల బృందావనం అక్కడి నరసింహతీర్థంలోనే ఉంది. ‘రంగవిఠల’ ముద్రతో ఆయన రాసిన సుళాదుల్లో ఒక్కో ఖండానికి ఒక్కో తాళం. మాట కదిలిన చోటల్లా నడక కూడా మారుతుంది.

షూబర్ట్ తన పాటల నడకను మాటల్లో రాసేవాడు. ‘వింటర్‌రైజె’ మొదటి పాట మీద, నడిచే వేగంలో మితంగా పాడమని ఉంది. 1815లో కట్టిన ‘ఎర్ల్‌క్యోనిగ్’ మీద ‘వేగంగా’ అని ఉంది. జబ్బుపడ్డ పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని తండ్రి గుర్రం మీద పరుగెత్తించే కథ అది. ఆ పాటంతా పియానో కుడిచేయి గిట్టల చప్పుడే. అదే కవితకు కార్ల్ లోవె మరో వరస కట్టాడు. ఇద్దరూ ఎంచుకున్న శ్రుతి జి మైనరే, కానీ విన్నవారెవరూ ఒకదాన్ని మరొకటి అనుకోరు.

ముసలివాడి పాట మీద ఉన్న సూచన ‘కొంచెం నెమ్మదిగా’. అంకెలేమీ లేవు. మూడు దెబ్బల ఈ నడక కాస్త ముందుకు ఉరికితే వీధివాద్యం హుషారైన ఆటపాట అయిపోతుంది. మరీ చౌకం చేస్తే ఇంకో చిక్కు. తంబూర తీగె నాదం తగ్గేలోగా వేలు మళ్లీ మీటుతుంది. పియానోలో మాత్రం దెబ్బ పడ్డ క్షణం నుంచే నాదం సన్నగిల్లడం మొదలవుతుంది. తర్వాతి ఆవర్తం వచ్చేదాకా దాన్ని నిలబెట్టాలి. అందుకే ఈ పాటలో చౌకానికి హద్దు గీసేది గాయకుడి ఊపిరి ఒక్కటే కాదు, పియానో తీగె కూడా. మూడు నిమిషాలకు కాస్త అటూఇటూగా ముగించిన రికార్డింగులున్నాయి, నాలుగు దాటించినవీ ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి వినాలనుకునేవారు మొదట ఎడమచేతి స, ప జంట మీదే చెవి పెడితే, ఏ గాయకుడు ఏ కాలం ఎందుకు పట్టాడో తేల్చుకోవడం తేలిక.