అగాథా క్రిస్టీ నవలల వరస: అపోహలు – వాస్తవాలు

అగాథా క్రిస్టీని కొత్తగా చదవబోయేవారిని గుమ్మంలోనే ఆపేసే అపోహ ఒకటుంది. 1920లో వచ్చిన 'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్'తో మొదలుపెట్టి, అచ్చయిన వరసలోనే అన్నీ చదవాలట. ఒక్క డిటెక్టివ్ పొయిరో నవలలే 33. ఈ మాట నమ్మితే ఎవరికైనా నీరసం వస్తుంది. నిజానికి ఆమె నవలల్లో చాలామటుకు దేనికవే పూర్తి. హత్య, అనుమానితులు, ఆధారాలు, చిక్కుముడి వీడటం అన్నీ ఆ అట్టల మధ్యే ముగుస్తాయి. కాలక్రమాన్ని రచయిత్రే పెద్దగా పట్టించుకోలేదు. మొదటి నవల నాటికే పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైన పొయిరో, ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు హంతకుల్ని పట్టుకుంటూనే ఉన్నాడు. అతణ్ణి అంత పెద్దవాడిగా మొదలుపెట్టడం పొరపాటేనని ఆమె ఆత్మకథలో ఒప్పుకుంది కూడా.

పైగా అచ్చయిన వరసా, రాసిన వరసా ఒకటి కావు. 'కర్టెన్', 'స్లీపింగ్ మర్డర్' రెండూ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాసి దాచిపెట్టినవి. మొదటిది 1975లో, రెండోది ఆమె మరణించిన 1976లో వెలువడ్డాయి. 'స్లీపింగ్ మర్డర్' క్రిస్టీ మరో డిటెక్టివ్ మిస్ మార్పుల్ ఆఖరి కేసుగా ప్రచారమైంది. కానీ 1962 నాటి నవలకే చనిపోయిన మార్పుల్ పరిచయస్థుడు కల్నల్ బాంట్రీ ఇందులో నిక్షేపంగా బతికి ఉంటాడు. అచ్చు తేదీలనే నమ్ముకున్నవారికి ఇది రచయిత్రి మతిమరుపులా కనిపిస్తుంది, పాపం. మార్పుల్ కథకు అసలైన ముగింపు 1971 నాటి 'నెమెసిస్'. దానికి ముందు 'ఎ కరీబియన్ మిస్టరీ' చదివి ఉండాలి, ఎందుకంటే అందులో పరిచయమైన రాఫియెల్ అప్పగించిన పనే ఇక్కడ కథ.

అలాగైతే ఏది ముందు చదివినా ఒకటేనా? ఇది మొదటిదానికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ. 1937 నాటి 'డంబ్ విట్‌నెస్'లో పొయిరో పాత కేసులు తలచుకుంటూ నాలుగు నవలల హంతకుల పేర్లు చెప్పేస్తాడు. వాటిలో 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఎక్రాయిడ్' ఒకటి. డిటెక్టివ్ సాహిత్యంలోనే అంతగా నివ్వెరపరిచే ముగింపులు కొన్నే ఉంటాయి, దాన్ని అలా పోగొట్టుకోవడం అన్యాయం. 'కార్డ్స్ ఆన్ ద టేబుల్'లో అయితే 'మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్' గుట్టు ఒక చిన్న సంభాషణలో బయటపడిపోతుంది. మంచి నవల ముగింపు తెలిసినా నిలబడుతుంది కదా అని కొందరంటారు. నిలబడుతుంది. రెండోసారి చదివినప్పుడు ఆమె ఆధారాన్ని కళ్లముందే ఎలా దాచిందో చూడటం గొప్ప ఆనందం. అయితే మొదటిసారి మోసపోయినవారికే అది పూర్తిగా దక్కుతుంది.

కాబట్టి చూసుకోవలసింది ఏ పుస్తకం దేని గుట్టు విప్పుతుందన్నదే. టామీ, టపెన్స్ అనే డిటెక్టివ్ జంట దీనికి మినహాయింపు. 1922లో కుర్రకారుగా కనిపించి 1973 నాటికి మనవలున్న దంపతులవుతారు గనుక ఆ అయిదు పుస్తకాలూ వరసలోనే చదవాలి. అలాగే 'కర్టెన్'లో పొయిరో, అతని మిత్రుడు హేస్టింగ్స్ మళ్లీ మొదటి నవల జరిగిన స్టైల్స్ భవనానికే వస్తారు. ఆ ఇల్లు ముందే తెలిసి, పొయిరో మీద అభిమానం పెంచుకున్నాకే దాన్ని తెరవాలి.