మలేరియా బిళ్ళకు ముందు ఒక మాట

పార్వతీపురం కొండలలో వానలు మొదలైతే చలిజ్వరము మాట వినబడుతుంది. మునుపటంత లేకపోయినా అది పూర్తిగా పోలేదు. అందులో వైవాక్స్ అనే రకము కాలేయములో దాగి, కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ లేస్తుంది. దానిని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ బిళ్ళలు 14 రోజులు ఇస్తారు. మంచి మందే. కాని కొందరికి ఇదే బిళ్ళ వలన ఎర్ర రక్తకణాలు పగిలి, మూత్రము కాఫీ డికాక్షన్ వలె నల్లబడుతుంది.

దీనికి కారణమును 1956లో చికాగో పరిశోధకులు కనిపెట్టారు. వారి రక్తములో జి-6-పి.డి. అనే ఎంజైము తక్కువ. రక్తకణమును లోపలి నుండి కాపాడేది అదే. అది చాలకపోతే మందు తాకిడికి కణము నిలువదు. 1995లో మన దేశపు గిరిజనులలో ఎక్కువగా కనిపించే ఒక లోపమును శాస్త్రజ్ఞులు గుర్తించి, దానికి ‘జి-6-పి.డి. ఒరిస్సా’ అని పేరు పెట్టారు. ఈ ఎంజైము 515 పూసల దండ వంటిది. అందులో 44వ పూస ఒక్కటి మారింది, అంతే. ఒరిస్సా మనకు కొండ అవతలే గదా!

ఒక్క పూస మారితే ఏమవుతుందో చూడాలంటే ఎంజైము చేతిలో ఉండాలి. మనుష్యుల రక్తమునుండి దానిని తీయడము కష్టమైన పని. అందుచేత మనిషి జన్యువును ఇ.కోలి అనే సూక్ష్మజీవిలో పెట్టి, దాని చేతనే ఈ ఎంజైమును తయారు చేయిస్తారు. మనుష్యుల ఎంజైమే, కాని మనిషి రక్తము అక్కరలేదు. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో ఈస్టు సహాయముతో కామెర్ల టీకా చేసినదీ ఇటువంటి పద్ధతిలోనే. అయితే ఈ ఎంజైము మందు కాదు. చిన్న సీసాలలో మైక్రోగ్రాముల లెక్కన ప్రయోగశాలలకే వెళ్తుంది. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలా చేసిన లోపపు ఎంజైము మీదనే పరీక్షించి, దానికి బలమిచ్చే ఒక రసాయనమును కనుగొన్నారు. అది ఇంకా బిళ్ళగా మన ఊరికి రాలేదు.

కొడుకుకు ఈ లోపము తల్లి ద్వారా వస్తుంది. ఆమెకు ఏ జబ్బూ కనబడకపోవచ్చు. కోడలిని నిందించే అత్తగార్లు గమనించాలి, ఆమెకు అది తన తండ్రి నుండే వచ్చియుండవచ్చు!

ఇది చదివి భయపడి, బిళ్ళలు గూటిలో దాచి మధ్యలో మానివేయవద్దు; జ్వరము తిరిగి వస్తుంది. ఎక్కువమందికి ఈ లోపము లేదు. కాని ఇంట్లో ఎవరికైనా మందు వేసుకున్నప్పుడు మూత్రము నల్లబడిందా, కళ్ళు పచ్చబడ్డాయా అన్నది నర్సమ్మకు ముందే చెప్పండి, రక్తపరీక్ష అడగండి. లోపమున్నవారికి డాక్టరు కనిపెట్టి చూస్తూ వారానికొక మోతాదు చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతి ఉన్నది. గర్భిణులకు, పసిబిడ్డలకు ఈ బిళ్ళ ఇవ్వరు. మందు మొదలుపెట్టాక మూత్రము రంగు మారితే, ఆయాసము వస్తే, తరువాతి బిళ్ళ వేయక అదే పూట ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇంకొకటి. ఈ లోపమున్న బిడ్డ ఉన్న ఇంట ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేయవద్దు. వాటితో దాచిన బట్టలు తొడిగినా పసివాని రక్తము అలాగే విరగవచ్చును.