చర్చి ద్వారఫలకము – ఆహ్వాన విచారము

రాజపాళయమునందలి రాజుల గృహములలో తెలుగు వినబడును. వీధిఫలకములపై తమిళలిపి కనబడును. తెలుగు మాతృభాషగా గలవారిలో పెక్కురు తమిళముననే విద్య నేర్చినవారగుటచే, చెవికి సొంతమైన భాష కంటికి పరాయిదగుట ఇచట నిత్యానుభవము. ఫలకము ఎవరిని పిలుచుచున్నది, ఎవరిని మరచుచున్నది అను విచారమునకు ఇది తగిన స్థలము. ఇందులకు చర్చి ద్వారమునందలి ఫలకమును ఉదాహరణముగా గైకొనవచ్చును.

అట్టి ఫలకమున సామాన్యముగా చర్చి పేరు, సంఘశాఖ, ఆరాధనవేళలు ఉండును. ‘సి. ఎస్. ఐ.’ అను మూడక్షరములు 1947 సెప్టెంబరు 27వ తేదీన మదరాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమును సూచించునని సభ్యులెరుగుదురు. క్రొత్తవానికి అవి పొడుపుకథ. ‘అందరికిని స్వాగతము’ అని వ్రాసినను అతని సందేహములు తీరవు. చెప్పులెచట విడువవలెను? స్త్రీలును పురుషులును వేరుగా కూర్చుందురా? బాప్తిస్మము పొందనివాడు ప్రభురాత్రి భోజన సమయమున ఏమి చేయవలెను? ఒకే ఫలకము సభ్యునకు సమాచారము, ఆగంతుకునకు పరీక్ష అగుచున్నది.

అక్షరములకంటె ముందు కట్టడము మాటలాడును. నాటి తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై గ్రామమున 1874లో జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. ఆయన 1909లో తెలుగువారి నడుమ సేవకై దోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమున ప్రథమ భారతీయ బిషప్పు అయ్యెను. ఆయన నిర్మింపజేసిన దోర్నకల్లు కథీడ్రలు 1939లో ప్రతిష్ఠింపబడెను. హిందూదేవాలయముల స్తంభరీతియు, మహమ్మదీయ కట్టడముల గుమ్మటముల రీతియు అందు కలిసియున్నవి. క్రైస్తవము పరదేశీయుల మతమని శంకించువానికిని, చదువెరుగనివానికిని ‘ఇది మన నేలమీది ఇల్లే’ అని చెప్పజాలిన ఫలకమది.

ఇందలి సారమొకటే. క్రొత్తచోటి కష్టమును వచ్చువానిపై మోపినచో స్వాగతవచనము అలంకారమాత్రము. పిలుచువాడు తానే కొంత భరించినచో అది ఆహ్వానము. అజరయ్య పరభాష నేర్చుట అట్టిదే. చర్చి ఫలకమున పైసందేహములకు నాలుగు పంక్తులలో సమాధానము వ్రాయుటయు అట్టిదే.

ఈ న్యాయము తెలుగు సంఘములకును వర్తించును. తెలుగు లిపిలో మాత్రమే వ్రాసిన ఫలకము, రాజపాళయమున ఇంట తెలుగు పలికి బడిలో తమిళము చదివిన బిడ్డకు మూసిన తలుపు. ఆ తెలుగు మాటనే క్రింద తమిళ లిపిలో కూడ వ్రాసినచో, భాషకు లోపము రాదు. బిడ్డ చదివి, తనవారి వాకిలియని గుర్తించి లోనికి వచ్చును. తెలుగు లిపి నేర్పుట అటుపిమ్మటి పని.